కరెంటు బిల్లు తగ్గుతుందని కిటికీలు మార్చే ముందు

నమస్కారమండి. మేం కిటికీలు చేసి బిగించేవాళ్లం. మా కొటేషన్ కాగితం అడుగున "కొత్త కిటికీలతో ఏసీ ఖర్చు ఆదా" అనే మాట ఉండేది. ఈ నెల నుంచి దాన్ని తీసేశాం. ఆ మాట నమ్మి పాత టేకు కిటికీలు పీకించుకుందామనుకుంటున్న వారికి అసలు లెక్క చెప్పాల్సింది మేమే కాబట్టి ఇది రాస్తున్నాం.

4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు కిటికీ ఒకటి తీసుకుందాం. 5 మి.మీ. మామూలు అద్దంతో యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీ మా దగ్గర చదరపు అడుగు 650 రూపాయలు. 16 చదరపు అడుగులకు 10,400, జీఎస్టీ 18 శాతం కలిపితే 12,272. అక్కడితో అయిపోదు. పాత ఫ్రేము గోడలోకి దిగి ఉంటుంది. దాన్ని తీస్తే చుట్టూ ప్లాస్టరింగు ఊడుతుంది, ఊచలు కూడా దాంతోనే పోతాయి. తాపీ పని, కొత్త గ్రిల్లు, రంగు చేరేసరికి ఒక్కో కిటికీ 17 వేలకు తక్కువ కాదు. రెండు కిటికీల పడగ్గదికి 34 వేలు. డబుల్ గ్లాస్, అంటే మధ్యలో ఖాళీతో రెండు అద్దాలు, కావాలంటే చదరపు అడుగుకు ఇంకో 350, దాని మీద మళ్లీ జీఎస్టీ.

ముందు ఈ డబుల్ గ్లాస్ సంగతే చూద్దాం. ఒంటి అద్దంలోంచి చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు 5.7 వాట్ల వేడి దాటుతుంది. డబుల్ గ్లాస్‌లోంచి 2.8. చలిదేశాల్లో బయటికీ లోపలికీ ఇరవై డిగ్రీల తేడా నెలల తరబడి ఉంటుంది, అక్కడ ఇది లాభమే. మన దగ్గర వేసవి రాత్రి బయట 30 ఉంటే గదిలో 25. ఆ ఐదు డిగ్రీల తేడాకు మన కిటికీలో ఆగే వేడి 22 వాట్లు. మూడు యూనిట్ల వేడిని బయటికి తోయడానికి ఏసీకి సుమారు ఒక యూనిట్ కరెంటు కావాలి. రాత్రికి 8 గంటల చొప్పున 120 రాత్రులు వేసుకున్నా మిగిలేది 7 యూనిట్లు. 2022లో మన ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన శ్లాబుల ప్రకారం నెలకు 226 నుంచి 400 వరకు యూనిట్ 8.75 రూపాయలు. అంటే కిటికీకి ఏడాదికి 61 రూపాయలు. అదనంగా పెట్టిన 6,608 రూపాయలు తిరిగి రావాలంటే నూరేళ్లు దాటాలి. రోడ్డు చప్పుడు ఆపడానికి డబుల్ గ్లాస్ వేయించుకోండి, తప్పులేదు. బిల్లు కోసం మాత్రం వద్దండి.

మన గోదావరి డెల్టాలో అసలు ఖర్చు అద్దంలో లేదు, సందుల్లో ఉంది. రెండు రెక్కల కిటికీకి చుట్టూ 16 అడుగులు, నడిమి అతుకు 4 అడుగులు, మొత్తం 20 అడుగుల అంచు. 2 మి.మీ. సందు ఉందంటే అంతా కలిపి 120 చదరపు సెంటీమీటర్లు, అరచేయంత కంత గోడకు పెట్టినట్టే. లోపలికొచ్చే గాలి ఉత్త వేడిగాలి కాదు, తడిగాలి. పదడుగుల గదిలో గాలి గంటకోసారి మారితే, ఏసీ గంటకు దాదాపు మూడో వంతు లీటరు నీటిని పిండి బయట పోయాలి. దానికి రాత్రికి 0.7 యూనిట్, 120 రాత్రులకు 84 యూనిట్లు, సుమారు 735 రూపాయలు. కొత్త కిటికీలు ఈ సందులన్నీ పూర్తిగా మూసేసినా 34 వేలు తీరడానికి నలభై ఏళ్లకు పైనే. అదే రెక్కల అంచున మెత్తటి ఈపీడీఎమ్ (ఎండకూ వానకూ తట్టుకునే రకం) రబ్బరు పట్టీ కొట్టిస్తే రెండు కిటికీలకూ కూలీతో కలిపి 1,500 లోపు. సగం గాలి ఆగినా నాలుగేళ్లలో డబ్బు వచ్చేస్తుంది. ఈ పని ఇకపై విడిగా కూడా చేస్తాం.

పట్టీ వేసే ముందు ఒక జాగ్రత్త. ఎండాకాలంలో రెక్కను బిగువుగా సరిచేస్తే శ్రావణానికి ఉబ్బి పట్టేస్తుంది. వానల్లో బాగా చిత్రిక పట్టిస్తే ఎండలకు సందు పడుతుంది. అందుకే 2 నుంచి 3 మి.మీ. వదిలి, ఆ ఖాళీని రబ్బరుతో నింపాలి. రెక్క పై అంచుకు, కింది అంచుకు తప్పకుండా రంగు వేయించండి. చాలా ఇళ్లలో ఆ రెండు అంచులే పచ్చి చెక్కగా ఉండిపోయి నీళ్లు తాగుతుంటాయి.

పడమటి కిటికీ వేరే లెక్క. మధ్యాహ్నం రెండు నుంచి సూర్యాస్తమయం దాకా మామూలు అద్దంలోంచి దాదాపు 2 యూనిట్ల వేడి లోపలికొస్తుంది. పగలు ఏసీ వేసే ఇంట్లో వంద రోజులకు అది 60 యూనిట్ల పైన కరెంటు. సన్‌షేడ్ దీన్ని ఆపలేదు, నాలుగింటికి ఎండ దాని కింద నుంచి వస్తుంది. లోపలి కర్టెన్ అడ్డుకునేసరికే వేడి గదిలోకి చేరిపోయి ఉంటుంది. బయట వెదురు చిక్ (చుట్టి పెట్టే తెర) గానీ కొబ్బరాకు తడక గానీ కట్టండి. వట్టివేళ్ల తడక తడిపితే పొడిగాలి ఉన్న చోట చల్లన, మన ఉక్కలో పెద్దగా పని చేయదు. ఇంకో మాట: మీ పాత రెక్కలు నిండు చెక్కవైతే ఎండను అవే ఆపుతున్నాయి. వాటి చోట అద్దం పెడితే గది ఇంకా వేడెక్కుతుంది. ఈ మాట మేం ముందు నుంచే చెప్పాల్సింది.

స్లైడింగ్ అడిగేవాళ్లు గాలి గురించి కూడా ఆలోచించండి. నాలుగడుగుల కిటికీలో రెండు ట్రాకుల స్లైడింగ్ తెరిచేది రెండడుగులే. సాయంత్రం సముద్రపు గాలి తగిలే ఇళ్లలో ఆ సగం పోతే ఏసీ గంట ముందే వేస్తారు.

ఫ్రేముకు చెద పట్టినా, వాన లోపలికి కొడుతున్నా మార్చాల్సిందే. పరీక్ష తేలిక: కింది మూలల్లో స్క్రూడ్రైవర్ గుచ్చండి. అరంగుళం దిగితే ఫ్రేము అయిపోయినట్టే. దిగకపోతే ఫ్రేము, ఊచలు ఉంచి రెక్కలు మాత్రం కొత్తవి చేయించుకోండి. మార్చేటప్పుడు స్లైడింగ్ కన్నా రెక్క కిటికీ మేలు, రబ్బరు మీద నొక్కుకుని మూసుకుంటుంది. స్లైడింగ్‌కు ఉండేది బ్రష్ మాత్రమే. యూపీవీసీ ప్రొఫైల్ (ఫ్రేముకు వాడే బోలు పట్టీ) లోపలి ఇనుముకు జింకు పూత ఉందో లేదో కోసిన చివర చూపించమనండి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి స్క్రూలు, బందులు ఉప్పుకు బాగా తట్టుకునే 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్‌వే వేయించాలి. అడుగు ట్రాకులో నీరు పోయే కంతలు సిమెంటుతో మూసుకుపోతే తుపాను వానకు నీళ్లు మంచం కిందికే వస్తాయి. బిగించిన రోజే చెంబుడు నీళ్లు ట్రాకులో పోసి, బయటికి పోయాకే మిగతా డబ్బు ఇవ్వండి. మాకైనా అంతే.

కొలతలకు పిలిచేటప్పుడు కిటికీ ఏ దిక్కున ఉందో, రెక్క చెక్కదో అద్దానిదో, ఆ గదిలో ఏసీ ఎన్ని గంటలు నడుస్తుందో చెప్పండి. కొటేషన్‌లో కొత్త కిటికీ ధర పక్కనే మరమ్మతు ధర కూడా రాసిస్తాం.