ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

1926లో మొదలైన విశ్వవిద్యాలయానికి నూరేళ్లు. ఈ సందర్భంగా ఒక వారం పాటు ఊరి జనానికి ఉపన్యాసాలు పెట్టించమని కోరుతున్నాను. సాయంత్రం ఆరు తర్వాత, తెలుగులో. పగలు పెడితే పోర్టులో, స్టీల్ ప్లాంట్‌లో పనిచేసేవాళ్లు ఎలా వస్తారు?

మొదటిది ఆర్కే బీచ్ కోత మీద ఉండాలి. ఈ తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. హార్బర్ అడ్డుగోడలు దాన్ని బీచ్‌కు చేరకుండా ఆపేస్తాయి. అందుకే హార్బర్‌లో డ్రెడ్జింగ్‌లో, అంటే నీటి అడుగున తవ్వినప్పుడు, తీసిన ఇసుకను తెచ్చి బీచ్‌లో పోస్తుంటారు. సాయంత్రాలు అక్కడే ముంత మసాలా తినే మాలో ఎంతమందికి ఇది తెలుసు? సముద్రాన్ని చదివిన ప్రొఫెసర్లు మీ దగ్గరే ఉన్నారు కదా!

శాలువాలు, సన్మానాలు చివరి రోజుకు ఉంచండి. ప్రశ్నలకు మాత్రం రోజూ ఒక గంట వదలండి. గేటు దగ్గర ఐడీ కార్డు అడగకుండా చూడండి.

ఇట్లు,
ఒక విశాఖ వాసి