ఐపీ పెట్టలేదు, షాపు మూయడం లేదు

నల్లకుంటలో మా పచ్చళ్ల షాపు ఐపీ పెట్టిందని, అంటే దివాలా పిటిషన్ వేసిందని, వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో తిప్పుతున్నారు. కొందరు ఫోన్ చేసి ధైర్యం చెప్పారు, ఇంకొందరు అడ్వాన్సు వెనక్కి అడిగారు. అందరికీ ఇక్కడే చెప్తున్నా.

హాస్టళ్లకు భోజనం పెట్టే ఒక కేటరింగ్ వాళ్లు ఏడాది పొడుగునా సరుకు తీసుకుని తాళం వేసి పోయారు. ఆ డబ్బు రాక బేగంబజార్ నూనె సేటుకీ, మిర్చి వాళ్లకీ నేను బాకీ పడ్డాను. ఐపీ వేసెయ్యమన్నవాళ్లు చాలామంది. 1920 నాటి దివాలా చట్టం కింద కోర్టుకెళ్తే, రాజీకి అప్పిచ్చినవాళ్లలో ఎక్కువమంది, బాకీ విలువలో ముప్పాతిక వంతు ఉన్నవాళ్లు ఒప్పుకుని, కోర్టు సరేనంటే మిగతావాళ్లూ కట్టుబడాల్సిందే. తాత పేరున్న బోర్డు కింద కోర్టు నోటీసు చూసే ఓపిక నాకు లేదు.

అందుకే అప్పిచ్చినవాళ్లూ నేనూ స్టాంపు కాగితం మీద రాసుకున్నాం. అసలు నెలనెలా కడతాను, వాళ్లు వడ్డీ వదిలేశారు. అసల్లోనూ కొంత వదులుతామన్నారు. 1872 కాంట్రాక్టు చట్టం 63వ సెక్షన్ ప్రకారం అప్పిచ్చినవాడు తక్కువ తీసుకుని చాలంటే బాకీ తీరినట్టే. వద్దన్నాను. పొగరనుకుంటే అనుకోండి.

నిద్ర పట్టనివ్వనిది మాత్రం బావ సంతకం. సేటు దగ్గర నాకు షూరిటీ ఆయనే. అదే చట్టం 135వ సెక్షన్ ఏమంటుందంటే, షూరిటీ ఒప్పుకోకుండా సేటు నాతో రాజీ పడినా, నాకు గడువిస్తానని ఒప్పందం చేసుకున్నా షూరిటీ బాధ్యత పోతుంది. అంటే ఈ కాగితం మీద బావ సంతకం లేకపోతే ఆయన బయటపడ్డట్టే. సేటు లాయరుకి ఇది తెలియకుండా ఉంటుందా, బావ సంతకం లేనిదే మాదీ లేదన్నాడు, సేటు కదలకపోతే మిగతావాళ్లూ కదలరు. "ఊరికే ఫార్మాలిటీ బావా" అని కాగితం ముందు పెడితే చదవకుండా పెట్టేసే మనిషి ఆయన. కూతురి పెళ్లి పెట్టుకున్నాడు. ఎన్నాళ్లు నాన్చానో నాకే తెలుసు. చివరికి అంతా విడమరిచి చెప్పాను, పెట్టకపోతే నువ్వు ఫ్రీ, పెడితే నాతోపాటు ఇరుక్కుంటావని. అక్కను అడగకుండానే పెట్టేశాడు. అక్క ఇప్పటికీ నాతో మాట్లాడట్లేదు.

డబ్బాలు సప్లయ్ చేసేవాడు మాత్రం సంతకం పెట్టలేదు. ఇది కోర్టు బయటి ఒప్పందం, పెట్టనివాడికి వర్తించదు. అతని దగ్గర నా చెక్కులున్నాయి, బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు, ఆ టెన్షన్ ఎందుకని అతనిది వేరుగా కడుతున్నా. కొన్నాళ్లు డబ్బాలు వేరేలా ఉంటాయి, పచ్చడి అదే.

ఇక మీ అడ్వాన్సులు. చట్టం కంటికి అవీ నా బాకీలే, కానీ మీరు ఆ కాగితంలో లేరు కాబట్టి మీ హక్కుకి ఏమీ కాలేదు. ఇది కంపెనీ కాదు, నా సొంత వ్యాపారం, షాపు బాకీ అంటే నా బాకీ. ఆర్డరు వద్దనుకుంటే వచ్చి డబ్బు తీసుకెళ్లండి, నేనేమీ బతిమాలను. కొత్త ఆర్డర్లకు అడ్వాన్సు తీసుకోను, సరుకు చేతికిచ్చాకే డబ్బు.

ఉద్దెర మాత్రం బంద్, ఎంత పాతవాళ్లయినా. ఆ పుకారు లేపినాయన ఎవరో నాకు తెలుసు, ఆయన నెల ఖాతా ఇంకా నా పుస్తకంలోనే ఉంది.