దుప్పటి బొమ్మలో ఫోన్ ఏదని అడిగారు!

సంపాదకుల వారికి నమస్కారం.

కిందటి ఆదివారం మీ జిల్లా పేజీలో వచ్చిన 'డిజిటల్ శ్రేయస్సుపై చిన్నారుల చిత్రలేఖనం' వార్త చూసి రాస్తున్నాను. ఆ రోజే రాద్దామనుకుంటే, కోపం మీద ఉత్తరాలు రాయకండని మా ఆవిడ ఆపింది. నాలుగు రోజులు ఆగాను. కోపం తగ్గలేదు సరికదా, మర్చిపోయినవి ఇంకో రెండు గుర్తొచ్చాయి.

మీరు వేసిన ఫొటోలో ముఖ్య అతిథి ఉన్నారు. ఆయనకు అటు ముగ్గురు, ఇటు ముగ్గురు నిర్వాహకులు ఉన్నారు. వెనకాల ఫ్లెక్సీ మీద 'శ్రేయసు' అన్న తప్పు కూడా శుభ్రంగా కనబడుతోంది. పిల్లలు వేసిన బొమ్మ మాత్రం ఒక్కటీ లేదు. బొమ్మల పోటీ వార్తకు బొమ్మ అక్కర్లేదని మీ డెస్కులో ఎవరు తేల్చారో గానీ, వారికి నా జోహార్లు.

నేను 31 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. నా దగ్గర ఆదివారాలు బొమ్మలు నేర్చుకునే తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఈ పోటీలో పాల్గొంది. కాబట్టి నాది పక్షపాతం అంటారా, అనండి. ముందే ఒప్పేసుకుంటున్నాను.

పోటీ జరిగిన తీరు ముందు చెప్పాలి. ఫోన్ తగ్గించండర్రా అని చెప్పడానికి పెట్టిన పోటీ కదా, ఆ సంగతి పిల్లలకు చేరింది వాట్సాప్ గ్రూపులో. పేరు ఇవ్వాలంటే క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి. బొమ్మ వేశాక ఫొటో తీసి లింకులో అప్‌లోడ్ చేయాలి. సరే, కాలం అలా ఉందని సర్దుకున్నాం. తీరా చూస్తే మార్కుల్లో సగమే న్యాయనిర్ణేతలవట, మిగతా సగం సోషల్ మీడియాలో ఆ బొమ్మకు పడ్డ లైకులవట! గడువు మూడు రోజులు. ఇక చూడండి తమాషా. 'మా బాబు బొమ్మకు ఒక్క లైక్ కొట్టండి ప్లీజ్' అని ఎప్పుడో పెళ్లిలో కలిసిన వాళ్ల దగ్గర్నుంచి కూడా నాకు మెసేజులు. మా పక్క అపార్ట్‌మెంటు గ్రూపులో ఈ లైకుల మీదే రెండు కుటుంబాలు మాటా మాటా అనుకుని, ఇప్పటికీ లిఫ్టులో ఎదురుపడితే ముఖాలు తిప్పుకుంటున్నాయి. పిల్లలైతే అర్ధరాత్రి లేచి ఎన్నయ్యాయో చూసుకున్నారు. మద్యం మానిపించే శిబిరానికి బ్రాందీ షాపు వాడితో రిబ్బను కత్తిరించినట్టుంది.

ఆ పిల్ల వేసిన బొమ్మ సంగతి చెప్తాను. చీకటి గది. కింద చాప మీద తల నిండా దుప్పటి కప్పుకుని ఒక ఆకారం. పాత దుప్పటి, వాడి వాడి అక్కడక్కడ నేత పల్చబడింది. పల్చబడిన చోటల్లా లోపలి నుంచి నీలి వెలుగు బయటకు వస్తోంది. పక్కన మంచం మీద నాయనమ్మ నిద్రపోకుండా ఆ వెలుగు వంకే చూస్తోంది. అంతే బొమ్మ. ఆ వెలుగుకు తెల్ల రంగు ముట్టుకోలేదు, కాగితాన్నే వదిలేసింది. చుట్టూ నీలం పల్చగా వేసి, ఆరాక మరో పొర, అది ఆరాక ఇంకో పొర, గోడ వైపు పోయేకొద్దీ చిక్కబరుస్తూ వెళ్లింది. వాటర్ కలర్‌లో ఇది ఎంత కష్టమో వేసినవాళ్లకు తెలుసు. తొందరపడితే అంతా మడ్డి. నాలుగు షీట్లు పాడైపోయి, ఐదోదాని మీద కుదిరింది.

ఆ దుప్పట్లో ఎవరమ్మా అని అడిగితే, "నేనే మాస్టారూ" అంది. నాయనమ్మ పడుకుందనే అనుకునేదట. ఒక రోజు పొద్దున జడ వేస్తూ ఆవిడ, "రాత్రి ఎందుకేడ్చావే?" అని అడిగిందట. స్కూల్ గ్రూపులో తన ఫొటో మీద ఎవరో ఏదో కూశారు, అదీ సంగతి. ఇంట్లో ఎవరికీ చెప్పని మాట, ఆ పిల్ల బొమ్మలో పెట్టింది.

న్యాయనిర్ణేత గారు ఆ షీటును అటూ ఇటూ తిప్పి, "టాపిక్ మొబైల్ కదమ్మా, ఇందులో మొబైల్ ఏదీ?" అన్నారు. ఆ పిల్ల జవాబు చెప్పే లోపలే తర్వాతి బొమ్మ దగ్గరికి వెళ్లిపోయారు. లైకులా? పదిహేడు. అందులో ఒకటి నాది.

మొదటి బహుమతి వచ్చిన బొమ్మ మీరు చూడకపోయినా చూసినట్టే. పెద్ద ఫోన్, దానికి గొలుసులు, తాళం, ఛార్జర్ వైరుతో కట్టేసిన కుర్రాడు, కింద 'సే నో టు మొబైల్'. నెట్‌లో వెతికితే ఇలాంటివి కావలసినన్ని దొరుకుతాయి. వేసిన కుర్రాణ్ని నేను తప్పుపట్టను. ఏది వేస్తే కప్పు వస్తుందో వాడికి బాగా తెలుసు, నేర్పింది మనమే. నీటి పొదుపు అంటే కుళాయి కింద ఏడుస్తున్న భూగోళం. పర్యావరణం అంటే సగం పచ్చగా సగం మోడుగా ఉన్న చెట్టు. ఇప్పుడు వాటి పక్కన గొలుసుల ఫోన్ చేరింది. పిల్లలను మనసులో ఉన్నది వేయమని పిలిచి, మన మనసులో ఉన్నది వేస్తే బహుమతి ఇస్తున్నాం.

ముఖ్య అతిథి గారు రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు. పిల్లలు అంతసేపూ షామియానా చాలక ఎండలోనే. ఆస్ట్రేలియాలో 16 ఏళ్లలోపు వాళ్లకు సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చట్టం తెచ్చారని, 2025 డిసెంబరు 10 నుంచి అమలు చేస్తున్నారని, మనకూ అలాంటిది రావాలని చెప్పారు. చప్పట్లు కొట్టాం. కిందకి దిగే ముందు తన పేజీని ఫాలో అవ్వమని అదే పిల్లలను అడిగారు. దానికీ చప్పట్లే.

ఇదంతా కొత్త జబ్బేమీ కాదు, లెక్కలు కళ్లముందే ఉన్నాయి. పిల్లల చదువుల మీద పల్లెల్లో జరిపిన 2024 అసర్ సర్వేలో 14-16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చని తేలింది. వాడటం వచ్చినవాళ్లలో, అంతకుముందు వారంలో చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా చూసినవాళ్లు 76 శాతం. మరి ఫోన్ కాకుండా ఆ చేతులకు ఇంకేం పని ఇచ్చామని ఎవరైనా అడిగారా? ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మంది దాటితే కళావిద్యకు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే రాసుంది. నేను దిగిపోయాక నా కుర్చీలోకి ఎవరూ రాలేదు. డ్రాయింగ్ పీరియడ్ లెక్కల సార్ తీసుకుంటున్నారు. నేను ముప్పై ఏళ్లు పోగుచేసిన పిల్లల బొమ్మల బీరువా వరండాలోకి నెట్టేసి, ఆ గదిని కంప్యూటర్ ల్యాబు చేశారు. అందులో పనిచేసే కంప్యూటర్లెన్ని అని నన్ను అడక్కండి. ఏడాది పొడుగునా కుంచె పట్టనివ్వని వాళ్లు, ఫ్లెక్సీ కట్టిన రోజు మాత్రం 'సృజనాత్మకత' అంటారు.

ఇది చిత్రకారుడు దామెర్ల రామారావు ఊరండీ. ముప్పై ఏళ్లయినా నిండకుండా 1925లో పోయాడాయన. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆ కుర్రాడి చేతిలో పనితనం కనిపెట్టి, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదువుకునే దారి చూపించాడు. లైకులు లెక్కపెట్టి కాదు, బొమ్మ ముందు నిలబడి చూసి. రామారావు పేరిట ఆర్ట్ గ్యాలరీ గోదావరి గట్టు దగ్గరే ఉంది. బహుమతులిచ్చిన హాలు నుంచి ఆటోలో పది నిమిషాలు. ఊరూరి నుంచి అంతమంది బొమ్మలేసే పిల్లలను రప్పించి, ఒక్కరినైనా అక్కడికి తీసుకెళ్దామని ఎవరికీ తోచలేదు. సెల్ఫీ పాయింట్ మాత్రం పెట్టారు.

ఆ పిల్లకు పాల్గొన్నట్టు సర్టిఫికెట్ కూడా చేతికివ్వలేదు. లింక్ పంపిస్తాం, ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకోమన్నారు. ఇంతవరకూ లింక్ రాలేదు. వచ్చిందేమోనని ఆ పిల్ల రోజూ వాళ్లమ్మ ఫోన్ తీసి చూస్తోంది.

బొమ్మ మా ఇంట్లోనే ఉంది. మీ విలేకరిని పంపితే చూపిస్తాను, పిల్ల కూడా సరేనంది, పేరు వేయొద్దని మాత్రం చెప్పమంది. అచ్చు వేస్తే కనీసం అరచెయ్యంత వేయండి. అంతకన్నా చిన్నదైతే నాయనమ్మ కళ్లు తెరుచుకుని ఉన్నట్టు తెలియదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు,
రాజమహేంద్రవరం