పిల్లలకు ఉన్నమాట చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా కుక్క టామీ చనిపోయి 3 నెలలైంది. మా బాబుకి 4 ఏళ్లు. ఆ రోజు వాడు స్కూల్ నుంచి రాగానే ఏం చెప్పాలో తోచక "టామీ నిద్రపోయింది నాన్నా, ఇక లేవదు" అనేశాను. ఏడుస్తాడనుకుంటే ఏడవలేదు, సరేనని ఆడుకోవడానికి వెళ్లిపోయాడు, చిన్నపిల్లాడు కదా పెద్దగా పట్టలేదులే అనుకున్నాం. ఆ రాత్రి నుంచే మొదలైంది. నిద్ర ముంచుకొస్తున్నా ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు. వారం తర్వాత ఒక రాత్రి నాకు కునుకు పడితే వేలితో నా కనురెప్ప పైకెత్తి "అమ్మా, నువ్వు లేస్తావా?" అని అడిగాడు. నేనన్న మాటే వాణ్ని అలా చేసిందని అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు.

ఈ వయసు పిల్లలకు పోయినవాళ్లు మళ్లీ రారన్న సంగతి సరిగా తెలియదని, మనం ఏ మాట అంటే దాన్నే ఉన్నదున్నట్టు పట్టుకుంటారని పిల్లల డాక్టర్ చెప్పారు. నిద్రపోయిందంటే నిద్రంటేనే భయం, ఊరెళ్లిందంటే రోజూ గుమ్మం దగ్గర ఎదురుచూపు. జబ్బు చేసి పోయిందని వదిలేసినా కష్టమే, రేపు తనకి జలుబు చేస్తే తనూ పోతాననుకుంటాడు, అందుకని అది మనకొచ్చే జ్వరం, దగ్గులాంటిది కాదని కూడా కలిపి చెప్పాలట.

ఆ సాయంత్రం ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పాను. "టామీ చనిపోయింది. దానికి ఇక ఊపిరి ఆడదు, ఆకలి వేయదు, నొప్పి ఉండదు, మళ్లీ రాదు." చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చిన్న గొంతుతో "నేను తోక లాగానని పోయిందా?" అన్నాడు. ఇన్నాళ్లూ ఆ ముక్క లోపల పెట్టుకుని తిరిగాడండీ! పిల్లలు అడగకపోయినా సరే, నీ తప్పేమీ లేదని మనమే చెప్పాలి. అడిగిందే పదిసార్లు అడుగుతారు, పదిసార్లూ విసుక్కోకుండా అదే జవాబు చెప్పాలి. క్లాస్ టీచర్‌కీ ఒక మాట చెప్పి ఉంచితే మంచిది. తిండీ నిద్రా వారాల తరబడి సరిగా లేకపోతే డాక్టర్‌కి చూపించాల్సిందే.

చుట్టాలంతా "ఇంకో కుక్కపిల్లని తెచ్చిపెట్టండి, మర్చిపోతాడు" అంటున్నారు. ప్రేమతోనే అంటున్నారు గానీ వాడు టామీని మర్చిపోవాలని నాకు లేదు. వాడు దాని బొమ్మ గీస్తే గోడకి అంటించాం, నీళ్లు తాగే గిన్నె వాడే కడిగి తుడిచి ఆ బొమ్మ కింద పెట్టుకున్నాడు. ఎన్నాళ్లు ఉంచుకుంటే అన్నాళ్లు ఉంచుకోనీ అని ఎవరం తీయలేదు.

- ఒక తల్లి