అమరోనెకు చేపల పులుసు జత కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇటలీ ఎర్ర వైన్ అమరోనె గురించి రాసిన వ్యాసం, దాన్ని నెల్లూరు చేపల పులుసుతో తాగమని సలహా ఇచ్చింది. ఖరీదైన సీసా కొని ఈ సలహా పాటించినవాళ్లకు వైన్ మీదా విరక్తి పుడుతుంది, పులుసు మీదా పుడుతుంది. అందుకే ఈ ఉత్తరం.

అమరోనె వెరోనా నగరం పక్క వాల్పొలిచెల్లా కొండల సరుకు. కొర్వీనా, రొండినెల్లా వంటి రకాల ద్రాక్ష కోసి, గాలాడే గదుల్లో పరిచి మూడు నాలుగు నెలలు ఆరబెడతారు. గుత్తుల బరువులో మూడో వంతో, అంతకంటే కాస్త ఎక్కువో తగ్గి, తీపి చిక్కబడుతుంది. ఆ తీపి దాదాపు అంతా పులిసేసరికి ఆల్కహాలు 15, 16 శాతానికి చేరుతుంది. వగరూ గట్టిగానే ఉంటుంది.

మన పులుసులో కారం దండిగా పడుతుంది. ఇంత ఆల్కహాలు దానికి తగిలితే మంట రెట్టింపైనట్టు ఉంటుంది. అంతకంటే పెద్ద చిక్కు చేపతో వస్తుంది. ఎర్ర వైన్‌లో ఉండే కాస్త ఇనుము చేప నూనెతో కలిసి నోట్లో నీచు వాసన లేపుతుంది. చింతపండు పిసికి, మామిడికాయ ముక్కలు వేసి మనం పోగొట్టిన నీచును ఈ వైన్ మళ్లీ తెచ్చిపెడుతుంది.

వగరును లొంగదీసేవి మాంసం, కొవ్వు, ఉప్పు. వెరోనాలో దీన్ని సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికించిన గొడ్డుమాంసంతో, బాగా ముదిరిన చీజ్‌తో తీసుకుంటారు. మనకు నెల్లూరు పొట్టేలు ఉండనే ఉంది. కిలో తొడ మాంసం ఎముకతో సహా తీసుకుని, పావు కిలో ఉల్లిపాయలు నేతిలో ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి ముద్ద, దంచిన మిరియాలు రెండు చెంచాలు వేసి, మందపాటి గిన్నెలో మూతపెట్టి రెండు గంటలు మగ్గనివ్వాలి. ఎండుకారం అర చెంచా మించకూడదు. గోంగూర మాత్రం వద్దు, ఆ పులుపు ముందు అమరోనె చప్పబడిపోతుంది. భోజనం చివర మలై కాజాతో తాగినా తప్పే. వైన్ కంటే తీపి ఎక్కువున్నది తింటే వైన్ చేదెక్కుతుంది.

వ్యాసంలో 'గది ఉష్ణోగ్రత' అన్నారు. ఆ మాట చల్లని దేశాల పాత ఇళ్లది. అమరోనెకు కావలసింది 16 నుంచి 18 డిగ్రీలు. నెల్లూరు, ఒంగోలు ఇళ్లలో మే నెలలో 34 డిగ్రీల గదిలో ఉన్న సీసాను అలాగే తెరిస్తే ఆల్కహాలు ఘాటు తప్ప ఏమీ తెలియదు. ఫ్రిజ్‌లో అరగంట అనే లెక్క కూడా ఇక్కడ చాలదు. గంటన్నర నుంచి రెండు గంటలు ఉంచాలి. తొందరైతే బకెట్‌లో ఐసు, నీళ్లు కలిపి సీసా మెడదాకా ముంచితే పావుగంట చాలు. ఉత్త ఐసు పోస్తే సీసాకు సరిగా అంటుకోక ఆలస్యమవుతుంది. తాగడానికి గంట ముందు గాజు జగ్గులోకి వంచితే మూసుకుని ఉన్న వాసనలు తెరుచుకుంటాయి. సీసాను వంటింటి అటక మీద దాస్తే వేసవికి బిరడా పైకి తోసుకొచ్చి వైన్ కారిపోతుంది, రుచి ఉడికిన పండులా మారుతుంది.

కొలత గురించి వ్యాసం ఒక్క మాటా చెప్పలేదు. 100 మిల్లీలీటర్ల అమరోనెలో 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గు కంటే కొంచెం ఎక్కువే ఆల్కహాలు ఉంటుంది. 750 మిల్లీలీటర్ల సీసా అంటే దాదాపు తొమ్మిది చిన్న పెగ్గులు. వైన్ కదా అని నీళ్లలా తాగి బండి ఎక్కకూడదు. మిగిలితే బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు నిలుస్తుంది.

చేపల పులుసుకు ఇటలీ వైనే కావాలంటే పియమోంటె ప్రాంతపు 'మోస్కాతో దాస్తి' అనే తీపి తెల్ల వైన్‌ను బాగా చల్లార్చి తీసుకోవచ్చు. అందులో ఆల్కహాలు 5 శాతం చిల్లరే, వగరు లేదు, ఉన్న తీపి కారాన్ని అణుస్తుంది.

ఇట్లు,
హోటల్ మేనేజ్‌మెంట్ అధ్యాపకుడు,
నెల్లూరు