పసిగుడ్డుతో మాట్లాడండి, చెవి పరీక్ష అడగండి

సంపాదకులు గారికి,

మా కావలిలో ఏ బాలింతని చూడబోయినా బిడ్డ గురించి ఒకటే మాట, "పసిగుడ్డు, దానికేం తెలుస్తుందిలే" అని. తెలుస్తుందండీ. కడుపులో ఆరో నెల దాటేసరికే బిడ్డకి శబ్దాలు వినపడతాయి, అందుకే పుట్టిన రెండు మూడు రోజులకే అమ్మ గొంతేదో పట్టేస్తుంది. 1980లో అమెరికాలో పాలపీక ఇచ్చి చూశారు, ఒక తీరుగా చీకితే అమ్మ గొంతు, ఇంకో తీరుగా చీకితే వేరే ఆమె గొంతు వినపడేట్టు పెడితే, పిల్లలు అమ్మ గొంతు వచ్చేట్టే చీకారట! నెల పిల్లలకి 'బ', 'ప' తేడా తెలుస్తుందని అంతకుముందే, 1971లోనే తేలింది.

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది మాత్రం 'త', 'ట' సంగతి. మనకి అవి వేరు, ఇంగ్లీషు వాళ్ల చెవికి దాదాపు ఒకటే. కానీ కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు 1984లో చూపించిందేమిటంటే, ఇంగ్లీషు ఇళ్లలో పెరిగే ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు హిందీలోని ఈ తేడాని పట్టేశారు, ఏడాది దగ్గరపడేసరికి చాలామంది పట్టలేకపోయారు. చెవి అంత త్వరగా ఇంటి భాషకి అలవాటుపడిపోతుంది.

ఆ ఏడాదిలో మనమేమో ఉయ్యాల పక్కన ఫోన్లో రైమ్స్ పెట్టి వదిలేస్తున్నాం. తొమ్మిది నెలల అమెరికా పిల్లలకి మనిషి ఎదురుగా కూర్చుని చైనీస్ మాట్లాడితే ఆ భాష శబ్దాల తేడా తెలిసింది, టీవీలో చూపిస్తే తెలియలేదు. అమెరికా పరిశోధకురాలు ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో చెప్పిన మాట ఇది. కాళ్లమీద బోర్లా పడుకోబెట్టుకుని, వీపుకి నూనె రాస్తా "ఏందబ్బయా, నీళ్లు కాలతన్నాయా" అని పలకరించే అమ్మమ్మ చేసే పని ఏ ఫోనూ చెయ్యలేదు.

అయితే అసలు వినపడని బిడ్డ సంగతేంటి? మాటలు రాకపోతే "మగపిల్లోడు కదా, లేటుగా వస్తాయి" అని రెండేళ్లు గడిపేసే ఇళ్లు చాలా ఉన్నాయి. నెలలోపు చెవి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలవ్వాలని డాక్టర్లు చెబుతారు. నిద్రపోయే బిడ్డ చెవిలో చిన్న గొట్టంలాంటిది పెట్టి కాసేపట్లో చూసేస్తారు, నొప్పేమీ ఉండదు. 2013లో పిల్లల జబ్బుల్ని ముందే పట్టడానికి కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టు చెవుడు కూడా ఉంది. కాబట్టి నెల్లూరు, ప్రకాశం జిల్లాల అధికారులకి నా విన్నపం: ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటైనా ఈ పరీక్ష చేయకుండా, లేదా ఎక్కడ ఎప్పుడు చేస్తారో రాసివ్వకుండా బాలింతని ఇంటికి పంపొద్దు. బిడ్డ కార్డులో బీసీజీ టీకా పక్కనే చెవి పరీక్షకీ ఒక గడి పెట్టించండి.

- ఒక అమ్మమ్మ, కావలి