మన పాఠకుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తాను. ఆగస్టు 12న గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ గారి జయంతి, 29న గిడుగు వారి జయంతి, సెప్టెంబరు 21న గురజాడ వారి జయంతి ఎప్పటిలాగే జరిపాం.

ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవలసింది నవంబరు 14 నుంచి 20 వరకు జరిగిన గ్రంథాలయ వారోత్సవాల గురించి. ఏటా ప్రసంగాలు, వ్యాసరచన పోటీలు ఉండేవే. ఈసారి గ్రంథాలయ సిబ్బందినే అడిగాం: "మీకు నచ్చిన పుస్తకాలు చెప్పండి, ఎందుకు నచ్చాయో నాలుగు ముక్కలు రాయండి" అని. మొదట మొహమాటపడ్డారు. తర్వాత అట్టముక్కల మీద సొంత చేతిరాతతో రాసి, పుస్తకాలతో సహా గుమ్మం పక్క బల్ల మీద పెట్టారు.

లైబ్రేరియన్ గారు 'కన్యాశుల్కం' పెట్టారు. 1897 నాటి నాటకాన్ని గురజాడ 1909లో ఎంతగా తిరగరాశారో గమనిస్తూ చదవమన్నారు. మరొకరు ఆదిభట్ల నారాయణదాసు గారి స్వీయచరిత్ర 'నా యెఱుక', ఇంకొకరు 1830లో మద్రాసు నుంచి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' ఎంచుకున్నారు. సైన్సు ఇష్టపడే పిల్లలకి నండూరి రామమోహనరావు 'విశ్వరూపం'.

అటెండరమ్మ మాత్రం "నాకేం తెలుసండీ" అని తప్పుకోబోయారు. ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో రిజిస్టరు తీసేలోపే చెప్పే మనిషి ఆమె. చివరికి చాసో (చాగంటి సోమయాజులు) కథల పుస్తకంలో, డబ్బుల్లేక చదువు ఆగిపోయిన కుర్రాడి కథ 'ఎందుకు పారేస్తాను నాన్నా' దగ్గర అట్ట పెట్టారు. "మా బాబుకి ఫీజు కట్టలేని ఏడాది చదివాను. మళ్లీ చదివాను" అని రాశారు, అంతే. డీఎస్సీకి చదువుకుంటూ రోజూ సొంత గైడు తెచ్చుకుని ఫ్యాను కింద కూర్చునే ఒక అమ్మాయి ఆ అట్ట చూసి, బల్ల దగ్గర నిలబడే కథంతా చదివేసింది. పుస్తకం ఇంటికి పట్టుకెళ్లాలని ఆ సాయంత్రమే సభ్యత్వం కట్టింది. పక్కనే ఉన్నాను, నాకు చాలా సంతోషం వేసింది.

సిబ్బంది అందరికీ, అట్టలు ఉచితంగా ఇచ్చిన స్టేషనరీ షాపు వారికి, వారమంతా టీలు పంపిన సభ్యురాలికి, ఆ వయసులో నిచ్చెనెక్కి బ్యానరు కట్టిన మన మాస్టారికి కృతజ్ఞతలు. ఎవరినైనా మరిచిపోతే క్షమించాలి.

ఒక్క మాట బాధతోనే చెబుతున్నాను. వాట్సాప్ గ్రూపులో "వస్తాం" అన్న వాళ్లు చాలామందే. ఆదివారం బీరువాలు దులపడానికి వచ్చింది మాత్రం ముగ్గురు. రాలేకపోతే ముందే చెప్పండి, ఇంకొకరిని పిలుచుకుంటాం. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మనమంతా కడుతున్నాం. అయినా వర్షానికి కారే రీడింగు హాలు కప్పు గురించి ఇచ్చిన అర్జీలకు జవాబు లేదు. ముగింపు సభకు వస్తామన్న అధికారి కోసం పిల్లల్ని చీకటి పడేదాకా కూర్చోబెట్టాల్సి వచ్చింది.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, కాపీ కోశాధికారి గారి దగ్గర ఉంది. మిగిలిన కొద్ది మొత్తం పాత పుస్తకాల బైండింగుకు వాడదామని ప్రతిపాదన. సభ ఆమోదించాలని కోరుతున్నాను.

బల్ల మీద పుస్తకాలు ఇకపై నెలనెలా మార్చడానికి సిబ్బంది ఒప్పుకున్నారు. అట్టలు కత్తిరించి ఇవ్వడానికి ప్రతి నెలా మొదటి ఆదివారం ఇద్దరు కావాలి. పేర్లు ఈ రోజే ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి